అడుగు సంగతి ముందు, గాడుల సంగతి తర్వాత

సంత్రాగాఛి, హౌరా జిల్లా.



సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలోనూ, ఖరగ్‌పూర్‌లోనూ, శిబ్‌పూర్ కాలేజీలోనూ, అటు విశాఖ, వరంగల్, హైదరాబాదుల్లోనూ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు, అడిగేవాళ్లేమో పెరుగుతున్నారు. కంప్యూటర్ చిప్పుకి సొంతంగా వాటర్ బ్లాక్, అంటే లోపలి గాడుల్లో నీళ్లు పారుతూ చిప్పుని చల్లార్చే రాగి దిమ్మ, చేసుకోవాలని మీలో చాలామందికి సరదా పుట్టింది. బోలెడు డ్రాయింగులు నా దాకా వచ్చాయి. అందంగా ఉన్నాయి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో రంగులు వేసి చూపించారు. కొందరు గాడుల్ని చేప ముళ్లలా, కొందరు ఆకు ఈనెల్లా గీశారు. కానీ ఆ రాగి దిమ్మ అడుగు భాగం ఎంత చదునుగా ఉండాలో రాసిన డ్రాయింగు దాదాపు కనిపించలేదు. అక్కడ ఉత్త గీత ఒకటి గీసి వదిలేశారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. వాటర్ బ్లాకులో పని చేసేది అడుగు. గాడులు దాని తర్వాతే.

నేను కంప్యూటర్ల మనిషిని కాను. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పవర్ ఎలక్ట్రానిక్స్ చూసి రిటైరైన వాణ్ణి. మా నాన్న పలాస వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో ఖలాసీగా ఖరగ్‌పూర్ వచ్చాడు. మీ తాతల్లో చాలామంది కథ కూడా ఇదే. ఇనుము, నూనె, గ్రీజు మనకి మూడు తరాల చుట్టరికం. అందుకే ఈ విషయంలో నోరు చేసుకునే హక్కు నాకుందనుకుంటున్నాను.

మన షెడ్డులో నిలబడే వ్యాప్-7 ఇంజన్ని మీరంతా చూసే ఉంటారు. ఆరు వేల పైచిలుకు హార్స్‌పవరు, అంటే సుమారు నాలుగున్నర మెగావాట్లు. పైతీగ నుంచి దిగిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాటాక కన్వర్టర్లోని సిలికాన్ స్విచ్చుల మీదుగానే మోటార్లకు వెళ్లాలి. ఆ స్విచ్చుల దగ్గర నూటికి ఒక్క పాలు వేడిగా పోయిందనుకున్నా నలభై అయిదు కిలోవాట్లు. బోలెడు బొగ్గు పొయ్యిలు ఒకచోట వెలిగించినంత వేడి, బీరువాలాంటి పెట్టెలో. జీటీవో అనే రకం స్విచ్చులున్న తొలి కన్వర్టర్లని నూనెతో చల్లార్చేవారు. తర్వాత వచ్చిన ఐజీబీటీ రకం స్విచ్చుల కన్వర్టర్లలో నీళ్లూ గ్లైకాలూ కలిపిన కూలెంటు తిరుగుతుంది. ఐజీబీటీ మాడ్యూలు కూర్చునే లోహపు పలకని మేం కోల్డ్ ప్లేట్ అంటాం. మీరు వాటర్ బ్లాక్ అంటున్నదీ అదే. ఈ కన్వర్టర్లు చేసే కంపెనీల్లో మన హైదరాబాదు మేధా సర్వో డ్రైవ్స్ ఒకటి, కాబట్టి ఇదేదో సీమదొరల విద్య అనుకోకండి.

మాడ్యూలు మార్చేటప్పుడు షెడ్డులో చేసే పని ఒక్కసారి కళ్లారా చూస్తే మీ డ్రాయింగులు మారిపోతాయి. పాత గ్రీజు మొత్తం తుడుస్తారు. పలక మీద గీత గాని, అంటుకున్న రజను గాని ఉందేమోనని వేలి గోటితో తడిమి చూస్తారు. కొత్త గ్రీజు చేత్తో పులమరు. చిల్లుల స్టెన్సిల్ పరిచి, పల్చగా, అంతటా సమానంగా రాస్తారు. బోల్టులు ఎదురెదురు మూలలు పట్టుకుని, రెండు విడతలుగా, టార్క్ రెంచితో బిగిస్తారు. మాడ్యూలు తయారీదార్లు సాధారణంగా పెట్టే షరతు ఏమిటంటే, 100 మిల్లీమీటర్ల పొడవులో పలక ఎత్తుపల్లాలు 30 మైక్రాన్లు మించకూడదు. మైక్రాను అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. లోపల నీళ్లు ఎలా పారతాయన్నది పలక చేసినవాడి తలనొప్పి. పైన మాడ్యూలు ఎలా కూర్చుంటుందన్నది మా తలనొప్పి. ఇంజను దారిలో ఆగిపోకుండా ఇల్లు చేరడం రెండోదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉండేది.

ఇప్పుడు మీ చిప్పుల దగ్గరికి వద్దాం. ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 2022లో వచ్చింది, 450 వాట్లు. 2025లో వచ్చిన 5090 కార్డు 575 వాట్లు. ఏఐ కోసం వాడే హెచ్100 మాడ్యూలు ఒక్కటే 700 వాట్ల దాకా తాగుతుంది. 2024లో ప్రకటించిన జీబీ200 ర్యాకు ఒక్కొక్కటి సుమారు 120 కిలోవాట్లు. దానికి గాలి చాలదని కంపెనీవాళ్లే నీళ్ల గొట్టాలు బిగించి అమ్ముతున్నారు. విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. మన ఊళ్ల పక్కన అలాంటి చిప్పులు వేల సంఖ్యలో వెలుగుతాయి, వాటిని చల్లార్చడం పెద్ద పని అవుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో 2022లో ప్రారంభమైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్‌కి కూడా ర్యాకు వెనక తలుపులో నీళ్ల కాయిల్ ఉంటుంది, వేడిగాలి అక్కడికక్కడే చల్లారుతుంది. చిప్పు మీదికే నీళ్లు తీసుకెళ్లడం దాని తర్వాతి మెట్టు. మీరు సరదాకి మొదలుపెట్టినా సరే, నేర్చుకునేది కడుపు నింపే పనే.

లెక్క చాలా చిన్నది, కాయితం మీద వేసుకోండి. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతుంటే, 70 వాట్ల వేడి ఆ నీటిని ఒక డిగ్రీ పెంచుతుంది. 575 వాట్ల కార్డు మీద నిమిషానికి మూడు లీటర్లు పారించారనుకుందాం. నీళ్లు లోపలికి వెళ్లినప్పటికీ బయటికి వచ్చినప్పటికీ తేడా మూడు డిగ్రీలైనా ఉండదు. పంపు రెట్టింపు పెద్దది పెడితే మీకు మిగిలేది డిగ్రీన్నర. పెద్ద పంపు కోసం ఇంట్లో డబ్బులడిగిన వాళ్లంతా ఈ వాక్యం రెండుసార్లు చదవండి. గాడిలో నీళ్లు వేగంగా పోతే గోడ నుంచి వేడి కొంచెం బాగా దిగుతుంది, నిజమే. కానీ అక్కడ కూడా ఒక హద్దు దాటాక పంపు చేసే చప్పుడే మిగులుతుంది.

మరి డిగ్రీలు ఎక్కడ పోతున్నాయి? పేస్టులో. 250 వాట్ల వేడి 2 చదరపు సెంటీమీటర్ల జాగాలోంచి వస్తోందనుకోండి. చిప్పుకీ దిమ్మకీ మధ్యలో రాసే పేస్టు వేడిని మోసే శక్తి 5, అంటే మీటరుకి కెల్విన్‌కి 5 వాట్లు. రాగికి అదే సుమారు 400. పేస్టు మందం 0.05 మిల్లీమీటర్లు ఉంటే అక్కడే పన్నెండున్నర డిగ్రీలు పోతాయి. అడుగు కాస్త వంకరగా ఉండి ఆ మందం 0.1 మిల్లీమీటరైతే, అంటే మీ నోటుపుస్తకంలో ఒక కాయితమంత, పోయేది పాతిక డిగ్రీలు. నీళ్లు మూడు డిగ్రీలు, కాయితమంత సందు పాతిక డిగ్రీలు. ఆకు ఈనెల గాడులు గీసినవాడు దేనికోసం నెలరోజులు కూర్చున్నట్టు?

ఈ సంగతి పాతవాళ్లకి బాగా తెలుసు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 కంప్యూటర్ చూడండి. అరచేతిలో పట్టే పింగాణీ పలక మీద వంద పైచిలుకు చిప్పులు. మాడ్యూలు మొత్తానికి సుమారు 300 వాట్లు. పైన నీళ్లు పారే పలక ఉంది. కానీ వాళ్లు బుర్ర పెట్టింది నీళ్ల మీద కాదు. వంద చిప్పులూ ఒకే ఎత్తులో కూర్చోవు కాబట్టి, ప్రతి చిప్పు మీదా స్ప్రింగు బిగించిన అల్యూమినియం పిస్టన్ ఒకటి పెట్టారు. ఎత్తుపల్లాలు ఎలా ఉన్నా పిస్టన్ వచ్చి చిప్పుని ఆనుకుంటుంది. అప్పటికీ మిగిలిన సూక్ష్మమైన సందుల్లో గాలి ఉండకుండా హీలియం నింపి సీలు వేశారు. హీలియం గాలికన్నా ఆరు రెట్లు బాగా వేడిని మోస్తుంది. ఇంత తంటాలూ ఆ సందు కోసమే.

సరే, చదును ఎలా వస్తుంది? దాస్‌నగర్ వెళ్లండి. సంత్రాగాఛి నుంచి హౌరా వైపు లోకల్ ఎక్కితే రామరాజాతల, ఆ తర్వాత దాస్‌నగర్. ఆలామోహన్ దాస్ అనే పారిశ్రామికవేత్త పేరు మీద ఏర్పడిన ఊరు. ఒకప్పుడు హౌరాని తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. న్యూయార్క్ వీధుల్లోని మ్యాన్‌హోల్ మూతల్లో కొన్ని ఇక్కడి ఫౌండ్రీల్లోనే పోతపోశారు. దాస్‌నగర్ గల్లీల్లోనూ, బెలిలియస్ రోడ్డు వెంటా ఇప్పటికీ లేత్ షాపులు వరసగా ఉన్నాయి. ఒక గది, రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్, గోడకి విశ్వకర్మ పటం, నేల మీద మెరిసే రజను. సాధారణంగా సెప్టెంబరు 17న వచ్చే విశ్వకర్మ పూజనాడు మాత్రం వెళ్లకండి. ఆ రోజు మెషీన్లు కడిగి పూలదండలు వేసి, అందరూ మేడల మీద గాలిపటాలు ఎగరేస్తూ ఉంటారు. మిగతా రోజుల్లో వెళ్లి, మిస్త్రీని దాదా అని పిలిచి, అడ్డం పడకుండా ఒక పక్కన నిలబడండి. మీ ఫోను జేబులోనే ఉంచండి.

రాగి దిమ్మని మిల్లింగ్‌లో పెట్టినప్పుడు మీకు మొదటి పాఠం దొరుకుతుంది. రాగి మెత్తన. కట్టర్ మొద్దుబారితే తెగదు, సాగుతుంది, అంటుకుంటుంది. మంచి మిస్త్రీ పదునైన హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్ ఎంచుకుని, కిరోసిన్ చుక్కలు వేస్తూ, పల్చగా పొరలు తీస్తాడు. వైస్‌లో గట్టిగా బిగిస్తే దిమ్మ బిగిసినంతసేపూ చదునుగా ఉంటుంది, వదలగానే విల్లులా వంగుతుంది. అందుకే ఆఖరి పొర తీసే ముందు అతను వైస్ వదులు చేసి మళ్లీ మెల్లగా పడతాడు. ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ మీకు చెప్పదు. ఆ తర్వాత సర్ఫేస్ ప్లేటు మీద మార్కింగ్ బ్లూ పల్చగా రాసి, దిమ్మని ఒకసారి ఇటూ అటూ జరిపి ఎత్తి చూపిస్తాడు. నీలం అంటినచోట మిట్ట, రాగిరంగు మిగిలినచోట పల్లం. మొదటిసారి చూసినవాళ్లకి గుండె జారుతుంది. అద్దంలా మెరుస్తున్న దిమ్మ మీద నాలుగు మూలలకే నీలం అంటి ఉంటుంది. మెరుపుకీ చదునుకీ సంబంధం లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మీరంతా ఇంట్లో అద్దం ముక్క మీద ఎమరీ కాయితం పరిచి గుండ్రంగా రుద్దుతారు. అలా రుద్దితే అంచులు అరిగి మధ్య లేస్తుంది. రుద్దాలనుకుంటే ఒకే దిక్కులో, వేలి బరువు లేకుండా, దిమ్మని తొంభై డిగ్రీలు తిప్పుకుంటూ రుద్దాలి. ప్రతి విడతకీ నీలం పెట్టి చూడాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీ ప్రాసెసరు మీది లోహపు మూత కూడా పూర్తి చదును కాదు. ఇంటెల్ పన్నెండో తరం నుంచి వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో బిగింపు కొక్కెం ఒత్తిడికి ప్రాసెసరే కాస్త వంగుతుందని వాడినవాళ్లందరికీ తెలుసు. అందుకని కొందరు బ్లాక్ తయారీదార్లు అడుగుని కావాలనే రవ్వంత ఉబ్బుగా చేస్తారు. మీరు ఆ జోలికి వెళ్లకండి. ముందు చదును సాధించండి. ఉబ్బు చేయడమనేది చదును చేయడం వచ్చినవాడు చేయాల్సిన పని. ఇంకో సంగతి, చాలా ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో 2019 నుంచీ వేడి పుట్టే ముక్కలు మూత నట్టనడుమ ఉండవు, ఒక పక్కకి ఉంటాయి. బ్లాకు నడుమ నుంచి నీళ్లు దూకేలా గీసినవాళ్లు ఒకసారి ఆ మూత కింద ఏముందో చూసుకుని, దిమ్మని అటు జరిపి బిగించే ఏర్పాటు చేయండి.

ఇప్పుడు గాడులు. వాటిని చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్ ముక్కలోనే 50 మైక్రాన్ల వెడల్పున, 300 మైక్రాన్ల లోతున గాడులు చెక్కి నీళ్లు పారించారు. చదరపు సెంటీమీటరుకి 790 వాట్లు లాగేశారు. అప్పటికీ చిప్పు నీటి కన్నా 71 డిగ్రీలే పైకెక్కింది. ఈనాటి సన్నగాడుల వాటర్ బ్లాకులకి మూలం వాళ్లు దాని మీద రాసిన చిన్న వ్యాసమే. వాళ్ల కీలకం చాలా తేలిక. సన్నటి గాడిలో నీళ్లు పొరలుపొరలుగా మెల్లగా పారతాయి. అప్పుడు గోడ నుంచి నీటికి వేడి దిగే వేగం గాడి ఎంత సన్నగా ఉంటే అంత పెరుగుతుంది. గాడి వెడల్పు సగం చేసి, గాడులు రెట్టింపు చేస్తే, ఒక పక్క వేడి దిగే వేగం రెట్టింపు, ఇంకో పక్క గోడల వైశాల్యం రెట్టింపు. వినడానికి బాగుంది కదా? అదే నీటిని తోయడానికి ఒత్తిడి నాలుగు రెట్లు కావాలన్నది రెండో సగం. ఆ ఇద్దరూ వాడిన ఒత్తిడి రెండు బార్ల పైమాటే. మీరు కొనే పంపు నీటిని నాలుగైదు మీటర్ల ఎత్తుకి తోస్తుంది, అంటే అర బారు. ఈ రెండింటి మధ్య మీ డ్రాయింగు నిలబడాలి.

బజారులో దొరికే మంచి బ్లాకుల్లో గాడులు మిల్లీమీటరులో మూడో వంతు, నాలుగో వంతు ఉంటాయి. వాటిని పెద్ద మెషీన్ల మీద రాగిని చెక్కి, రెక్కలుగా లేపి చేస్తారు. మీకూ నాకూ అది అందదు. మీకు అందేవి రెండు దారులు. ఒకటి, మిల్లింగ్ మీద అర మిల్లీమీటరు స్లిట్టింగ్ సా. అర మిల్లీమీటరు గాడి, అర మిల్లీమీటరు గోడ. ఎక్కువ లోతు పోతే సా పక్కకి వాలుతుంది, గోడ చిరుగుతుంది. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల లోతుతో ఆపండి. రెండోది వైర్‌కట్. 0.25 మిల్లీమీటర్ల తీగతో కోస్తే 0.3 మిల్లీమీటర్ల గాడి వస్తుంది, గోడలు అందంగా ఉంటాయి, బిల్లు అంత అందంగా ఉండదు. నా ఓటు సా కే. అర మిల్లీమీటరు గాడులతో, అడుగు చదునుగా చేసిన దిమ్మ, పావు మిల్లీమీటరు గాడులతో అడుగు వంకర ఉన్న దిమ్మని ఏ రోజైనా ఓడిస్తుంది. లెక్క పైనే ఉంది.

నీళ్లని గాడుల ఒక చివర కాకుండా నడుమ దింపి, రెండు పక్కలకీ చీల్చండి. సగం నీళ్లు, సగం దూరం, కాబట్టి ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోతుంది. దీనికి గాడుల మీద చీలిక ఉన్న పల్చటి రేకు ఒకటి చాలు. అంతకు మించిన వంకరటింకర దారులు పెద్ద కంపెనీలకి వదిలేయండి.

కారడం గురించి నాలుగు ముక్కలు. ఓరింగు త్రాడు 2 మిల్లీమీటర్లదైతే కాలువ లోతు 1.5 నుంచి 1.6 ఉండాలి, వెడల్పు 2.6 ఉండాలి. రబ్బరు నలగాలి గాని, కాలువ నిండిపోకూడదు. నిండిపోతే మూత లేస్తుంది. గొట్టాల మరలు జీ పావు, అంటే మన ప్లంబర్లు పావు ఇంచి గ్యాస్ మర అనేదే. ఇంచికి 19 పళ్లు, బయటి కొలత 13.157 మిల్లీమీటర్లు. కానీ షాపులో ట్యాప్ అడిగేటప్పుడు నిటారు మర ట్యాపే కావాలని గట్టిగా చెప్పండి. నీళ్ల పైపులకి వాడే వాలు మర ట్యాపుతో యాక్రిలిక్ మూతలో మర వేస్తే, ఫిట్టింగు బిగించిన మూడో తిప్పుకే పటుక్కున పగులుతుంది. ఇంకో మాట, యాక్రిలిక్‌ని స్పిరిటుతో తుడవకండి. బిగింపు ఉన్న చోటల్లా వెంట్రుకల్లాంటి బీటలు లేస్తాయి. సబ్బునీళ్లు చాలు. లోపల కనబడకపోయినా పర్లేదనుకుంటే, డెల్రిన్ మూత యాక్రిలిక్ కన్నా వంద రెట్లు నమ్మకమైంది. మీకు రంగుల దీపాలు కనబడాలి కాబట్టి నా మాట వినరని తెలుసు.

లోహాల పొత్తు జాగ్రత్త. రాగి దిమ్మ, ఇత్తడి ఫిట్టింగు, రాగి రేడియేటరు కలిసి బతుకుతాయి. వాటి మధ్య అల్యూమినియం రేడియేటరు పెట్టి మామూలు నీళ్లు పోస్తే అల్యూమినియం తుప్పు పట్టి హరించుకుపోతుంది. తెల్లటి బురద వచ్చి మీరు కష్టపడి కోసిన గాడుల్లోనే పేరుకుంటుంది. కంపెనీ సీలు వేసి అమ్మే కూలర్లలో రెండూ కలిసి ఉంటాయి కదా అని అడగొద్దు. వాళ్లు మందులు కలిపి, గాలి చొరకుండా మూసి అమ్ముతారు, మీరు వారానికోసారి మూత విప్పుతారు. నీళ్లు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. పాచి పట్టకుండా మందు వేయండి. లేదంటే మన సంత్రాగాఛి ఝీలులో గుర్రపుడెక్క అల్లుకున్నట్టు మీ పారదర్శకమైన గొట్టాల్లో పచ్చదనం అల్లుకుంటుంది. ఝీలుకైతే శీతాకాలం పక్షులు వస్తాయి, మీ గొట్టాలకి అదీ లేదు.

ఐసు ముక్కలు వేద్దాం, ఫ్రిజ్జు నుంచి గొట్టం లాగుదాం అన్న ఆలోచన ప్రతి తరంలోనూ ఎవడో ఒకడికి వస్తుంది. జూలైలో మన హౌరా గాలిలో ఉన్న తేమకి, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా చెమట పడుతుంది. ఆ చెమట జారేది మదర్‌బోర్డు మీదికి. రేడియేటరు ఉన్న మామూలు ఏర్పాటులో నీళ్లు గది కన్నా చల్లగా కావు, అదే మీకు రక్షణ. గది 34 ఉంటే నీళ్లు 38, 40 ఉంటాయి. ఫరవాలేదు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర సూపర్‌ఎంయూసీ అనే పెద్ద కంప్యూటర్ని 2012 నుంచీ 40 డిగ్రీల గోరువెచ్చటి నీటితోనే చల్లార్చారు. చిప్పుకి 70, 80 డిగ్రీలు మామూలే కాబట్టి, దానికి 40 డిగ్రీల నీళ్లు చల్లటి నీళ్లే. కోల్‌కతా ఎండల్లో వాటర్ బ్లాక్ దండగ అనేవాళ్లకి ఇదే జవాబు.

బిగించే ముందు దిమ్మని ఒట్టి గాలితో పరీక్షించండి. డాక్టరు దగ్గర ఉండే ముల్లు డయల్ బీపీ మెషీన్ ఒకటి చాలు. దాని గొట్టాన్ని ఒక ఫిట్టింగుకి తగిలించి, రెండోది మూసి, 250 దాకా గాలి కొట్టండి. అది సుమారు మూడో వంతు బారు. అరగంట ముల్లు కదలకపోతే నీళ్లు పోయండి. కదిలితే సబ్బు నురగ రాసి ఎక్కడ బుడగ లేస్తుందో చూడండి. నీళ్లు పోశాక కూడా ఒక రోజంతా పంపు ఒక్కటే తిప్పి, కింద పాత వార్తాపత్రిక పరిచి ఉంచండి. తడి మచ్చ కనబడకపోతేనే చిప్పు మీద పెట్టండి. కొత్త దిమ్మని ఖరీదైన కార్డు మీదే మొదట పరీక్షించాలన్న నియమం కూడా లేదు. రాగి కడ్డీ చివర 2 చదరపు సెంటీమీటర్ల జాగా మిగిల్చి, లోపల హీటరు పెట్టి, దాని మీద పరీక్షించవచ్చు. హీటరు 230 వోల్టులది. కాబట్టి కాలేజీ ల్యాబులో, పెద్దవాళ్లు పక్కనుండగా మాత్రమే.

ఖర్చు మిగుల్చుకోవడానికే ఇదంతా అయితే మానేయండి. రాగి, మిల్లింగ్ కూలి, ట్యాపులు, పాడైన దిమ్మలు కలిపితే కొన్న బ్లాకు కన్నా ఎక్కువే అవుతుంది. బజారులో బ్లాకు దొరకని వాటి కోసం చేయండి. కోల్‌కతా చాందినీ చౌక్‌లో సెకండ్ హ్యాండ్‌లో వచ్చే సర్వర్ కార్డులు, కాలేజీ ల్యాబులోని ఎఫ్‌పీజీఏ బోర్డులు, లేజర్ డయోడ్లు, మోటారు డ్రైవులు... వీటికెవరూ బ్లాకులు అమ్మరు. అలాంటి దానికి ఒక్క దిమ్మ చేసి నడిపించినవాడికి ఉద్యోగం ఇచ్చేవాళ్లు విశాఖలోనూ ఉంటారు, హైదరాబాదులోనూ ఉంటారు. దాస్‌నగర్ మిస్త్రీకి కూడా మీరు అవసరమే. అతని చేతిలో చదును ఉంది, మీ దగ్గర లెక్క ఉంది. అతని కొడుకు ఆ షాపులో కూర్చోనంటున్నాడు, మీరేమో షాపు గడప తొక్కనంటున్నారు. నాకు ఇందులో ఇద్దరి తప్పూ కనబడుతోంది.

చేసిన తర్వాత నాకు రాయండి. ఫోటోలు వద్దు. గది ఉష్ణోగ్రత ఎంత, దిమ్మలోకి వెళ్లే నీటి ఉష్ణోగ్రత ఎంత, చిప్పు ఉష్ణోగ్రత ఎంత, ఆ సమయంలో చిప్పు ఎన్ని వాట్లు తాగుతోంది, ఈ నాలుగూ రాయండి. చిప్పుకీ నీటికీ ఉన్న తేడాని వాట్లతో భాగించి, వచ్చిన అంకె పక్కన పెట్టండి. తర్వాత దిమ్మ విప్పి, పేస్టు తుడిచి, మళ్లీ రాసి బిగించి, అదే అంకె మళ్లీ తీయండి. రెండుసార్లూ ఒకేలా వస్తే మీ అడుగు బాగున్నట్టు. రాకపోతే గాడుల జోలికి పోకుండా నీలం డబ్బా తీయండి. ఈ అంకెలు లేని ఉత్తరానికి నేను జవాబు రాయను.

ఇట్లు,
మీ మేలు కోరే
షెడ్డు తాత